ఎమరీవిల్ గుల్లల దిబ్బ: వందేళ్ల కిందటే చదును చేసేశాక ఇంకా సర్వే ఏమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కాలిఫోర్నియాలో ఎమరీవిల్ బే స్ట్రీట్ మాల్ దగ్గర ఉంటున్నారు. మీ అపార్ట్‌మెంట్ వెనక పునాది తవ్వుతుంటే హార్డ్‌హ్యాట్ పెట్టుకున్న ఒక ఆర్కియాలజిస్ట్ రోజంతా గుంత పక్కనే నిలబడుతున్నారు. ఇక్కడి పాత గుల్లల దిబ్బను 1924లోనే చదును చేశారని గూగుల్‌లో చదివారు. మరి ఇంకా దేనికోసం చూస్తున్నారు? ఆ గుల్లలు సముద్రం కొట్టుకొచ్చినవి కావని ఎలా చెప్తారు? వీకెండ్‌లో పిల్లల్ని ఫ్రీమాంట్ కొయోట్ హిల్స్‌కి తీసుకెళ్తే నాలుగు గుల్లలు తెచ్చుకోవచ్చా?

చివరిదానికి ముందు చెప్పేస్తాను: తెచ్చుకోవద్దు. పార్కులో ఏదీ ఏరకూడదన్న రూల్ ఎలాగూ ఉంది. దానికి మించిన కారణం ఏమిటంటే, అక్కడి దిబ్బలు రెండు వేల ఏళ్లకు పైబడిన ఒలోనీ అనే స్థానిక ఆదివాసుల ఊళ్లు. వాళ్ల సమాధులు కూడా వాటిలోనే ఉన్నాయి. నాలుగు గుల్లలే కదా అనిపిస్తుంది, కానీ స్థలం నుంచి విడదీసిన గుల్ల మాలాంటి ఆర్కియాలజిస్టులకు ఎందుకూ పనికిరాదు. అది ఏ పొరలో, దేని పక్కన, ఎంత లోతులో ఉందన్నదే సమాచారమంతా.

ఇక సముద్రం పోసిన కుప్పా, మనుషులు పోసిందా అన్న సంగతి. ఈ అనుమానం చాలా పాతది. డెన్మార్క్ తీరంలో ఇలాంటి కుప్పల్ని చాలాకాలం ఒకప్పటి సముద్రతీరపు సహజ నిక్షేపాలే అనుకున్నారు. 1848లో అక్కడ ఒక జువాలజిస్టు, ఒక జియాలజిస్టు, ఒక ఆర్కియాలజిస్టు కలిసి కమిటీగా కూర్చుని పరిశీలించాక, ఇవి రాతియుగం మనుషులు తిని పారేసినవే అని తేలింది. వాళ్లు అప్పుడు చూసిన ఆనవాళ్లనే ఇప్పటికీ మేమూ చూస్తాం.

సముద్రం పోసిన కుప్పలో అన్ని సైజులూ ఉంటాయి. గోరంత పిల్ల చిప్పలు, ఎవరూ తినని రకాలు, రెండు రెక్కలూ మూసుకుపోయి ఉన్నవి, అలల్లో అరిగి అంచులు నున్నబడినవి. మనుషులు పోసిన కుప్పలో తినదగ్గ సైజువే ఎక్కువ. రెక్కలు విడిపోయి ఉంటాయి, అంచులు పదునుగానే ఉంటాయి. ఒక చిన్న పరీక్ష ఉంది: చిప్పను తిప్పి లోపలి వైపు చూడాలి. బతికున్న ఆయిస్టర్ లోపల బార్నకిల్ (రాళ్లకు, పడవలకు అంటుకుని పెరిగే చిన్న సముద్రజీవి) అంటుకునే వీలు లేదు, పురుగులు తొలిచిన సొరంగాలు తెరుచుకుని ఉండటమూ అరుదు. లోపలి నున్నటి వైపున అవి కనిపించాయంటే, ప్రాణి చచ్చి గుల్ల ఖాళీ అయ్యాక కూడా నీళ్లలోనే పడి ఉందన్నమాట. అలాంటి గుల్లను కూరకోసం ఎవరూ ఏరుకు రారు. ఒకటీ అరా ఉంటే పట్టించుకోం, కుప్పంతా అలాగే ఉంటే అది సముద్రం పనే.

కానీ గుల్లలు సగం సాక్ష్యమే. అసలు సాక్ష్యం వాటి మధ్య ఉన్న మట్టి. దిబ్బ మట్టి నల్లగా, చేత్తో నలిపితే జిడ్డు తగిలినట్టుగా ఉంటుంది. వందల ఏళ్ల బూడిద, బొగ్గు, కొవ్వు, కుళ్లిన తిండి అందులో కలిసిపోయాయి. పొయ్యిలో కాలి పగిలిన రాళ్లు, చేప వెన్నుపూసలు, జింక ఎముకతో చేసిన సూదులు, నాపా వైపు నుంచి వచ్చిన నల్ల గాజురాయి పెచ్చులు దొరుకుతాయి. గుల్లల్లోని సున్నం వల్ల మట్టిలో ఆమ్లం తగ్గుతుంది. అందుకే మామూలు నేలలో ఎప్పుడో కరిగిపోవాల్సిన చిన్న చిన్న ఎముకలు కూడా ఈ దిబ్బల్లో నిలిచి ఉంటాయి.

మన కోస్తాలో గుల్లల కుప్ప కనిపించినా వెంటనే ఉత్సాహపడకూడదు. గుల్లసున్నం కోసం పోగేసి కాల్చిన చోట కూడా గుల్లలు, బూడిద, బొగ్గు అన్నీ ఉంటాయి. అక్కడ తిండి ఎముకలు, రాతి పనిముట్లు ఉన్నాయా లేదా చూశాకే మాట్లాడాలి. ఇండియాలో మనుషులు తిని పోసిన అసలైన గుల్లల దిబ్బలు చూడాలంటే అండమాన్ మంచి చోటు. అక్కడ చౌల్దారీ దిబ్బ దాదాపు 2,200 ఏళ్ల నాటిదని తేదీలు వచ్చాయి.

ఇప్పుడు మీ ప్రధాన ప్రశ్నకు వస్తాను. దిబ్బ పోయిందనే మాట సగమే నిజం.

టెమెస్కల్ వాగు శాన్ ఫ్రాన్సిస్కో బేలో (సముద్రపు ఖాతంలో) కలిసే చోట ఆ దిబ్బ ఉండేది. ఎత్తు 60 అడుగులని చాలాచోట్ల రాసి ఉంటుంది, అంతకంటే బాగా తక్కువ చెప్పినవాళ్లూ ఉన్నారు. ఎక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టారన్నదాన్ని బట్టి ఇలాంటి దిబ్బల కొలతలు మారుతుంటాయి కాబట్టి ఆ అంకె మీద నేను పెద్దగా ఆధారపడను. 1876లో దాని చుట్టూ షెల్‌మౌండ్ పార్క్ పేరుతో ఒక వినోద ఉద్యానం పెట్టారు. దిబ్బ నెత్తిన డ్యాన్స్ పెవిలియన్, కింద గుర్రప్పందేలు, షూటింగ్ పోటీలు. కింద సమాధులున్నాయని తెలియక కాదు, పట్టక.

1902లో మాక్స్ ఉలే అనే జర్మన్ ఆర్కియాలజిస్ట్ అక్కడ తవ్వాడు. పెరూలో పాచాకామాక్ తవ్వి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన ఎమరీవిల్‌లో పది పొరలు గుర్తించి, కింది పొరల జీవితం వేరు, పై పొరల జీవితం వేరు అని రాశాడు. అడుగున శవాలను ముడుచుకున్న భంగిమలో పూడ్చారు, పైకి వచ్చేసరికి దహనం కూడా కనిపిస్తుంది. పనిముట్లూ మారాయి. కాలిఫోర్నియా ఆంత్రొపాలజీలో పెద్ద దిక్కైన క్రోబర్ దీన్ని ఒప్పుకోలేదు. అంత కాలమూ పెద్దగా మార్పేమీ లేదన్నది ఆయన వాదన. తర్వాతి పరిశోధనలు ఉలే వైపే మొగ్గాయి. పెద్దాయన కాదన్నాడు కాబట్టి ఒక మంచి పరిశీలన చాలా ఏళ్లు మూలన పడింది, ఇది మా రంగంలో అప్పుడప్పుడూ జరిగేదే.

పార్క్ మూతపడ్డాక 1924లో ఆవిరి పారతో దిబ్బను తవ్వి చదును చేశారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ తరఫున ఎగ్బర్ట్ షెంక్ దగ్గరుండి, యంత్రం బకెట్ల మధ్యలో కనిపించినవి రాసుకున్నాడు. యంత్రం ఆగాక అడుగున మిగిలిన భాగంలో కందకాలు తీయించాడు. ఏడు వందల దాకా సమాధులు బయటపడ్డాయని ఇప్పుడు చెప్పుకుంటున్న లెక్క. ఇక్కడ గమనించాల్సిన మాట, 'అడుగున మిగిలిన భాగం'. యంత్రం పై భాగాన్నే తీసుకుపోయింది, వేళ్లు మిగిలాయి.

ఎందుకు మిగిలాయో తెలియాలంటే బే చరిత్ర కొంచెం చెప్పాలి. మంచుయుగం చివర్లో ఇక్కడ బే లేదు, నది పారే లోయ ఉండేది. సముద్రతీరం ఇప్పటి ఫారలోన్ దీవుల దాకా వెనక్కి ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి లేచి, గోల్డెన్ గేట్ గుండా లోయలోకి నీళ్లు వచ్చాయి. దిబ్బలు మొదలైన తర్వాత కూడా నీటిమట్టం నెమ్మదిగా పెరుగుతూనే ఉంది, వాగులు ఒండ్రు తెచ్చి చుట్టూ పోస్తూనే ఉన్నాయి. అందువల్ల దిబ్బ అడుగు పొరలు ఇప్పటి నేలమట్టానికి కిందికి ఉంటాయి. రిచ్‌మండ్‌లోని ఎల్లిస్ లాండింగ్ దిబ్బ అడుగు ఏకంగా సముద్రమట్టం కంటే కిందికి ఉంది. పైకి కనిపించేది నరికేస్తే దిబ్బ అయిపోయిందని అనుకోవడం అందుకే పొరపాటు.

ఎమరీవిల్‌లో జరిగిందీ అదే. చదును చేసిన చోట రంగుల పిగ్మెంట్ ఫ్యాక్టరీ వచ్చింది. 1999లో దాన్ని పడగొట్టి, విషపదార్థాలు కలిసిన మట్టిని శుభ్రం చేస్తుంటే కింద చెక్కుచెదరని పొరలు, మళ్లీ సమాధులు బయటపడ్డాయి. ఒలోనీ జనం నిరసనలు చేశారు. అయినా 2002లో అక్కడే మీ బే స్ట్రీట్ మాల్ తెరిచారు. మాల్ పక్కన చిన్న స్మారకం కట్టి, రోడ్డుకు షెల్‌మౌండ్ స్ట్రీట్ అని పేరుంచారు. అది సరిపోతుందా అని నన్ను అడిగితే సరిపోదనే అంటాను.

కాబట్టి మీ వెనక గుంతలో ఆయన చూసేది గుల్లలు ఉన్నాయా లేవా అని కాదు. ఆ ఏరియాలో గుల్లలు ఎక్కడైనా ఉంటాయి, 1924లో తీసిన మట్టి అంతా ఏదో ఒక చోట పరిచే ఉంటారు కదా. ఆయన చూసేది అది కదిలిన మట్టా, కదలని మట్టా అని. బ్యాక్‌హో (మట్టి తవ్వే యంత్రం) బకెట్ లేచాక గుంత గోడ కొత్తగా కోసిన కేక్‌లా శుభ్రంగా కనిపిస్తుంది. నల్ల మట్టిలో గుల్లలతో పాటు ఇటుక ముక్క, గాజు, మేకు కనిపిస్తే అది ఎక్కడినుంచో తెచ్చి పోసింది. గుల్లలు బల్లపరుపుగా పడి, వాటి మధ్య బూడిద సన్నటి తెల్ల చారలా సాగి, దాని కింద ఎర్రగా కాలిన మట్టి ఉంటే అది ఎవరి పొయ్యో, వాళ్లు వదిలి వెళ్లినట్టే ఉంది. దాని కింద నీలి బూడిద రంగు బే బురద మొదలైతే దిబ్బ అడుగు వచ్చేసినట్టు. అయితే కదిలిన మట్టిలో మనిషి ఎముక దొరికినా చట్టం ముందు అది ఎముకే. ఎవరో పోసిన మట్టి కదా అని కాంట్రాక్టర్ తప్పించుకోలేడు.

ఇలా గుంత పక్కన నిలబడి చూడటాన్ని మానిటరింగ్ అంటాం, అది ఆఖరి మెట్టు. దానికి ముందు చాలా నడుస్తుంది, నా దృష్టిలో అదే అసలు సర్వే. మొదట కాగితాలు. 1906 నుంచి 1908 దాకా నెల్స్ నెల్సన్ అనే యువకుడు బే చుట్టూ తిరిగి 425 దిబ్బలు గుర్తించి, నంబర్లు వేసి మ్యాప్ గీశాడు. ఆయన పుట్టింది డెన్మార్క్‌లోనే, ఈ రకం కుప్పల చదువు మొదలైన దేశంలో. ఆయన తిరిగేనాటికే కొన్నిటిని తవ్వి రోడ్ల మీద పరిచేశారు, తోటలకు ఎరువుగా తోలేశారు. ఎమరీవిల్ ఆయన లెక్కలో 309. ఇప్పటికీ ప్రభుత్వ రికార్డులో దాని నంబర్ సీఏ-ఏఎల్ఏ-309, అంటే కాలిఫోర్నియా, అలమీడా కౌంటీ, 309. ఈ ప్రాంతంలో పెద్ద బిల్డింగ్ కట్టాలంటే సాధారణంగా ముందు సొనోమా స్టేట్ యూనివర్సిటీలోని సమాచార కేంద్రంలో రికార్డులు వెతికిస్తారు. సైట్లు కచ్చితంగా ఎక్కడున్నాయన్న వివరాలు బయటివాళ్లకు ఇవ్వరు, దోపిడీ భయం.

ఖాళీ నేల అయితే వరుసగా నిలబడి నడుస్తాం, మనిషికీ మనిషికీ 15 మీటర్లు లేదా అంతకంటే తక్కువ దూరం. గడ్డి ఒత్తుగా ఉంటే నేల కనిపించదు. అప్పుడు మాకు పెద్ద సాయం గోఫర్లు (నేలలో బొరియలు తవ్వే ఎలుకలాంటి జంతువులు), నేల ఉడతలు. అవి బొరియ తవ్వి బయట పోసిన మట్టిని వంగి చూడాలి. చుట్టూ గోధుమరంగు నేల ఉండి, బొరియ ముందు మాత్రం నల్ల మట్టి, అందులో గోరంత గుల్ల తునకలు మెరుస్తుంటే అడుగున ఏముందో అది ఉచితంగా చెప్పేసినట్టే. ఒక్కో బొరియను జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుంటూ పోతే దిబ్బ అంచు ఎక్కడుందో రూపు కడుతుంది. కాకపోతే ఇవే జంతువులు పై పొర పూసను కింది పొరలోకి, కింది బొగ్గును పైకి లాగేస్తాయి. తేదీలు కట్టేటప్పుడు వాటిని తిట్టుకోవాల్సి వస్తుంది.

తారు, కాంక్రీట్ కింద అయితే నడక కుదరదు. యంత్రంతో సుమారు రెండంగుళాల వెడల్పున్న ప్లాస్టిక్ గొట్టాన్ని నేలలోకి దించి, మట్టి స్తంభాన్ని పైకి తీస్తాం. గొట్టాన్ని పొడుగ్గా చీల్చి టేబుల్ మీద పెడితే పైన తారు, రాళ్ల పొర, ఫ్యాక్టరీ కాలం మట్టి, ఆ తర్వాత నల్లటి గుల్లల మట్టి, చివర బురద వరుసగా కనిపిస్తాయి. నాలుగైదు చోట్ల తీస్తే నల్ల పొర ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పలచబడి అంతమవుతోంది తెలుస్తుంది. తవ్వకుండా హద్దు తేల్చడం దీని లక్ష్యం. హద్దు తేలితే డిజైన్ మార్చమని, పార్కింగ్ లెవెల్ ఒకటి తగ్గించమని అడగొచ్చు. పునాది పోశాక ఆ మాట అడిగి లాభం లేదు.

తవ్వక తప్పని చోట తక్కువ మట్టి నుంచి ఎక్కువ సమాచారం పిండాలి. గోడను సాపు చేసి, ఒక జానెడు చదరం మేర పై నుంచి కిందికి పది సెంటీమీటర్ల చొప్పున మట్టి తీసి, ఒక్కో సంచిలో వేసి, మూడు మిల్లీమీటర్ల జల్లెడలో నీళ్లు పోస్తూ కడుగుతాం. ఉలే కాలంలో ఇంత సన్న జల్లెడలు వాడలేదు. అప్పటి సేకరణల్లో పెద్ద చేపలు, జింకలు, సముద్రపు నీటికుక్కలు బాగా కనిపిస్తాయి కానీ నెత్తళ్లలాంటి చిన్న చేపల ఎముకలు కిందికి జారిపోయాయి. పాత రిపోర్టుల్లో 'చిన్న చేపలు లేవు' అని కనిపిస్తే నేను నమ్మను, జల్లెడ కంత ఎంతుందో చూస్తాను. గుల్లల్ని బరువు తూస్తాం, కీళ్లు లెక్కపెడతాం. ఎన్ని ముక్కలైనా ఒక్కో చిప్పకు కీలు ఒక్కటే కాబట్టి ఎన్ని ప్రాణులో అంచనా దొరుకుతుంది. 1916లోనే గిఫర్డ్ ఈ పద్ధతిలో బే దిబ్బల మట్టిని తూకం వేసి, గుల్ల ఎంత, బూడిద ఎంత, బొగ్గు ఎంత అని లెక్క తీశాడు.

తేదీల దగ్గర ఒక చిక్కు. గుల్లను నేరుగా రేడియోకార్బన్ పరీక్షకు (మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు కట్టే పద్ధతి) పంపితే వయసు ఎక్కువ చూపిస్తుంది. లోతు నీళ్లలో పాత కార్బన్ ఉంటుంది, దాన్నే తీసుకుని గుల్ల పెరుగుతుంది. ప్రపంచ సగటున దాదాపు 400 ఏళ్ల తేడా, కాలిఫోర్నియా తీరంలో లోతు నీళ్లు పైకి ఎగదన్నడం వల్ల ఇంకా ఎక్కువ. అందుకే అదే పొరలో సన్న పుల్ల బొగ్గో, కాలిన గింజో దొరికితే ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. పెద్ద దుంగ బొగ్గు కూడా వద్దు, చెట్టు మధ్య భాగం వయసు చెట్టంత పాతది. ఎమరీవిల్ అడుగు పొరలు సుమారు 2,800 ఏళ్ల నాటివి. పక్కనే వెస్ట్ బర్కిలీ దిబ్బ అంతకంటే చాలా పాతది, ఐదు వేల ఏళ్ల దాకా వెళ్తుంది.

ఇంత చేసి ఏం తెలిసిందంటారా? ఎమరీవిల్ అడుగు పొరల్లో గట్టి నేలకు అంటుకుని బతికే ఆయిస్టర్లు, మసెల్స్ ఎక్కువ. పైకి వచ్చేకొద్దీ బురదలో బతికే క్లామ్‌లు పెరుగుతాయి. అంటే ఊరి ముందున్న గట్టి నేల క్రమంగా ఒండ్రుతో పూడి బురద అయిందని అర్థం. జాక్ బ్రాటన్ అనే పరిశోధకుడు పాత సేకరణల్లోని ఎముకల్ని తిరిగి లెక్కపెట్టి, పై పొరలకు వచ్చేకొద్దీ పెద్ద స్టర్జన్ చేపల వాటా తగ్గిందని, దొరికినవి కూడా చిన్నవవుతూ వచ్చాయని చూపించాడు. పెద్ద వేటను జనం నెమ్మదిగా తరిగేశారన్నమాట. 'ఆదివాసులు ప్రకృతిని తాకనైనా తాకలేదు' అనే తీపి కథకూ, 'వీళ్లకు చరిత్రే లేదు' అనే చేదు కథకూ రెండిటికీ ఇది అడ్డం పడుతుంది. 1902లో, 1906లో తవ్వి దాచిన ఎముకలు తొంభై ఏళ్ల తర్వాత ఆ ప్రశ్నకు జవాబిచ్చాయి. పొర నంబర్ రాసి ఉంచడం వల్లే అది కుదిరింది.

చాలామంది దీన్ని 'చెత్తకుప్ప' అంటారు. పుస్తకాల్లోనూ ఆ మాట ఉంటుంది. నాకు అది నచ్చదు. ఎవరైనా చెత్తకుప్పలో తల్లిదండ్రుల్ని పాతిపెడతారా? ఈ దిబ్బల మీద ఇళ్లు కట్టుకున్నారు, వండుకున్నారు, చనిపోయినవాళ్లను పూసలు, అబలోని గుల్లల నగలతో పూడ్చుకున్నారు. దక్కన్‌లోని బూడిద దిబ్బల కథ కూడా ఇలాంటిదే. మక్తల్ దగ్గరి ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) 1957లో బ్రిటిష్ ఆర్కియాలజిస్ట్ ఆల్చిన్ తవ్వి, నవీన శిలాయుగం పశువుల కాపరులు పేడ పోగేసి మళ్లీ మళ్లీ కాల్చిన చోటని తేల్చాడు. అంతకుముందు అలాంటి దిబ్బల గురించి ఎన్ని ఊహలు చేశారో లెక్కలేదు. కాల్చింది పేడే అని తేలింది కానీ, ఎందుకు కాల్చారు, ఊరి శుభ్రత కోసమా, పండగా అన్న చర్చ ఇంకా ఉంది. పోగుపడటం వేరు, పోగేయడం వేరు. బేలోని గుల్లల దిబ్బల దగ్గరా వాదన అదే.

మీ వెనక సైట్లో ఎముక కనిపిస్తే ఏం జరుగుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే పని ఆగితే అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఆర్కియాలజిస్టుల్ని తిట్టడం చూస్తుంటాను. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అక్కడ పని వెంటనే ఆగాలి, కౌంటీ కరోనర్‌ని (మరణాలను విచారించే అధికారిని) పిలవాలి. రెండు పనిదినాల్లో ఆయన తేల్చాలి. అమెరికన్ ఆదివాసుల అవశేషాలైతే 24 గంటల్లో నేటివ్ అమెరికన్ హెరిటేజ్ కమిషన్‌కి చెప్పాలి. వాళ్లు వారసుల్ని గుర్తిస్తారు. ఆ వారసులకు స్థలం చూసి, అవశేషాల్ని ఏం చేయాలో సూచించడానికి 48 గంటలు ఉంటాయి. మీ ఊళ్లో శ్మశానం మీదుగా రోడ్డు వేస్తామంటే ఊరి పెద్దల్ని అడగరా? ఇదీ అంతే.

వెస్ట్ బర్కిలీలో ఈ గొడవ చాలా ఏళ్లు కోర్టుల్లో నడిచింది. ఫోర్త్ స్ట్రీట్‌లో ఒక పార్కింగ్ లాట్ మీద అపార్ట్‌మెంట్లు కట్టాలని బిల్డర్లు, కింద మా దిబ్బ ఉందని ఒలోనీలు. అక్కడ ఇప్పుడేమీ మిగల్లేదన్నది బిల్డర్ల వాదన, మీరు అడిగిన ప్రశ్నే అది. చివరికి 2024లో బర్కిలీ నగరం ఆ స్థలాన్ని కొని, ఒలోనీ నాయకురాలు కొరీనా గౌల్డ్ తదితరులు నడిపే సోగోరియా తే ల్యాండ్ ట్రస్టుకు అప్పగించడానికి తీర్మానం చేసింది. మొత్తం 2.7 కోట్ల డాలర్లు, అందులో ఎక్కువ భాగం ట్రస్టే సమకూర్చింది.

కొయోట్ హిల్స్‌కి వెళ్తే పార్కువాళ్లు గైడ్‌తో చూపించే రోజు చూసుకుని వెళ్లండి, దిబ్బ ఉన్న చోటికి మామూలుగా పంపరు. ఇంట్లో కూర్చుని చూడాలంటే నెల్సన్ 1909 రిపోర్టు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో మ్యాప్ తెరిచి పిల్లలతో కలిసి మీ ఇంటికి దగ్గరి నంబర్ ఏదో వెతకండి. స్కేల్ చిన్నది కాబట్టి కచ్చితమైన చోటు తెలియదు. కానీ బే చుట్టూ, ఇప్పుడు ఫ్రీవేలు, ఎయిర్‌పోర్ట్, ఆఫీసులు ఉన్న తీరమంతా ఎన్ని చుక్కలున్నాయో చూస్తే, ప్రతి పునాది దగ్గరా ఒక మనిషిని ఎందుకు నిలబెడతారో నేను వేరే చెప్పక్కర్లేదు.